ఆషాఢంలో గోరు పరీక్ష

పోర్టు నుంచి మెసేజి వచ్చేసరికి కుసుమ చారన్నం ముగించి చెయ్యి కడుక్కోబోతోంది. ఎడమ చేత్తో ఫోను తీసి చదివి, దాన్ని మొగుడి కంచం పక్కకి తోసింది.

“క్రేను ఎక్కీవోళ్ళందరూ నెలాఖరులోగా గోరు పరీక్ష సేయించుకోవాలంట బావా. దగ్గర్లో సెంటరెక్కడుందో సూసి, నాకు డ్యూటీ లేని రోజు బుక్ సేసీ. నాకా యాప్‌లూ గీప్‌లూ పడవు.”

ఇల్లంత ఇనప పెట్టెని ఓడ మీంచి లేపి లారీ మీద పూలబుట్టలా దించే మనిషికి ఫోనులో నాలుగు గళ్ళు నింపడం పడదంటే నమ్మాలి. పైడిరాజు నమ్మాడు. నమ్మి, పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయాడు.

“గోరు పరీక్షేటి? మీకు మూత్ర పరీక్ష కదా?”

“మార్సీసినారంట. మూత్రమైతే నాలుగు రోజులు ఊరుకుంటే కడిగీసినట్టు పోతాదంట. గోరైతే ఏ నెల్లో ఏటి మింగినావో గీతల్లాగ ఉండిపోతాదంట. మత్తు మింగీవోళ్ళ పని గోవిందా” అని నవ్వి, ఆమె పెరటి కుళాయి వైపు వెళ్ళింది.

కుసుమకు భయం దేనికి? జ్వరం మాత్ర వేసుకోమంటేనే మొహం చిట్లించే మనిషి. భయమంతా పైడిరాజుది. రోజూ పడుకునే ముందు కుసుమకిచ్చే పాలల్లో చిటికెడు పొడి కలుపుతున్నది అతనే. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

పైడిరాజు పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. మందులు తయారుచేసే పని కాదు. వాటిని ముందుగా ఎలుకల మీద చూస్తారు కదా, ఆ ఎలుకల గది అతని కింద ఉంది. మేత పెట్టడం, గూళ్ళు కడగడం, ఏ ఎలుక ఎలా ఉందో పైవాళ్ళకు చెప్పడం. డాక్టర్ హైమవతి అనే ఆవిడ అక్కడ రెండేళ్ళుగా ఒక మందు మీద కూర్చుంది. దానికి కాగితాల మీద నోరు తిరగని పేరేదో ఉంది గానీ గదిలో పనివాళ్ళందరూ నిమ్మళం పొడి అంటారు. పిల్లల్ని తీసేసిన తల్లి ఎలుక గూడంతా గీకుతుంది, తిరుగుతుంది, మేత ముట్టదు. నిమ్మళం కలిపిన మేత నాలుగు రోజులు తిన్న తల్లి మాత్రం శుభ్రంగా తిని, ఒక మూల చుట్టుకుని పడుకుంటుంది. మనుషుల కడుపుకోతకి కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత మేలో అని డాక్టరమ్మ ఆశ.

ఆ ఆశ పైడిరాజుకు ఆవిడకంటే ఎక్కువ. వినాయక చవితి వెళ్ళిన వారంలో వాళ్ళ ధాత్రి పోయింది. ఆరేళ్ళ పిల్ల. విష జ్వరం. ఆస్పత్రిలో కుసుమ పెట్టిన పెరుగన్నం రెండు ముద్దలే పిల్ల ఆఖరి తిండి. ఆనాటి నుంచీ కుసుమ పెరుగు ముట్టలేదు. సంక్రాంతి దాకా ఇద్దరూ ఒకరిని మించి ఒకరు ఏడ్చారు. ఒకరోజు కుసుమ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, కూర ఏం వండాలని అడిగినంత మామూలుగా అంది: “ఇయ్యాల పైనుంచి కిందకి సూస్తే, దూకీద్దామనిపించింది బావా.”

ఆ మర్నాడే పైడిరాజు ఎలుకల మేతలో కలిపే పొడి కాస్త కాగితంలో చుట్టి తెచ్చాడు. అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చాడు. దొంగతనమని తెలుసు. పెళ్ళానికి చెప్పకుండా మందు పెట్టడం తప్పని కూడా తెలుసు. కానీ మనిషి మిగలాలి కదా ముందు.

మనిషి మిగిలింది. నెల తిరిగేసరికి కుసుమ మళ్ళీ తిండి తింది, ఇరుగుపొరుగుతో మాట్లాడింది. అప్పుడప్పుడు ఏడ్చేది, నిజమే. ఎలుకల మీద పనిచేసినంతగా మనుషుల మీద చేయదు కాబోలు అనుకున్నాడు. తాను మాత్రం గుండె దిటవు చేసుకున్నాడు. ఎంతగా చేసుకున్నాడంటే, ధాత్రి బళ్ళో తోటిపిల్లలు గుమ్మం ముందు నుంచి గెంతుకుంటూ పోతున్నా అతని కంట చెమ్మ వచ్చేది కాదు. మగాడన్నాక అలా ఉండాలి అని వీధిలో పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. కుసుమ మెచ్చుకోలేదు. “నీకేటి బావా, రాయివి” అని ఒకసారి అంది. ఆ తర్వాత అతని ముందు ఏడవడం తగ్గించేసింది.

మర్నాడు ఎలుకలకు మేత పెట్టి, ఒక మూల స్టూలు మీద కూర్చుని సెంటరు వెతకడం మొదలెట్టాడు పైడిరాజు. యాప్‌లో పిన్ కోడ్ కొట్టగానే దగ్గర్లో ఉన్నవన్నీ వరసకట్టాయి. గాజువాకలో టిఫిను హోటళ్ళ తర్వాత ఎక్కువగా ఉన్నవి ఇవేనేమో అనిపించింది. ప్రతిదాని పక్కనా ఎర్రటి గోరు బొమ్మ. మూత్రం సీసా బొమ్మ ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా అనకాపల్లిలో ఒకటి కనపడింది. ప్రాణం లేచొచ్చి ఫోను చేశాడు.

“మీ దగ్గర మూత్ర పరీక్ష చేస్తారా అండీ?”

“చేస్తామండి. షుగరా?”

“కాదండి. మత్తు మందులది.”

“ఎవరు పంపినారండి?”

“పోర్టు.”

“పోర్టుకైతే గోరేనండి. ఆ పాత మిషను మీద మా వాచ్‌మేను సొక్కాలారేసుకుంటన్నాడు. గోరుకైతే రేపే రండి, కాళీ ఉంది.”

రేపే అన్న మాట వినగానే ఫోను పెట్టేశాడు. రోజులు కావాలి అతనికి. పొడి ఆపేస్తే గోరు మొదట్లో కొత్తగా పెరిగిన మేరైనా తెల్లగా ఉంటుంది. మొత్తం గోరు మారాలంటే ఆరునెలలు పడుతుందని తెలుసు. నిమ్మళం ఇంకా లోకానికి తెలియని మందు గనక మిషనుకి పేరు తెలియకపోవచ్చు. కానీ పేరు తెలియని గీత కనిపించినా పోర్టు వాళ్ళు క్రేను ఎక్కనివ్వరు. ఆ ఉద్యోగం కోసం కుసుమ పడిన పాట్లు అతను చూశాడు. ఆడదానికి క్రేనేమిటని నవ్వినవాళ్ళ మధ్య నేర్చుకుంది. పిల్ల పోయాక ఆమెను నిలబెట్టిన కర్ర కూడా అదే.

పాత గాజువాకలో ఒక సెంటరుకి నెలాఖరు ముందు శనివారం ఖాళీ దొరికింది. బుక్ చేశాడు. వెంటనే జాగ్రత్తలతో మెసేజి వచ్చింది. ఆధార్ తేవాలి. తోడు ఒకరు రావచ్చు. గోళ్ళకు రంగు ఉండకూడదు, ఉంటే తుడిచి రావాలి.

ఆ చివరి మాట దగ్గర పైడిరాజు చూపు ఆగిపోయింది. షాపులో కొన్న రంగైతే తుడవచ్చు. తుడవలేని రంగు ఒకటుంది. వచ్చేది ఆషాఢం.

“పైడిరాజూ, ఇటు రా” అని డాక్టర్ హైమవతి పిలిచింది. ఆవిడ గొంతులో తేడా ఉంది. ఆరోజు కొత్త పరీక్ష చేస్తున్నారు. తీసేసిన పిల్లల్ని తిరిగి తల్లుల గూళ్ళలో పెట్టారు. పొడి తినని తల్లి ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని పొట్ట కిందికి చేర్చుకుంది. పొడి తిన్న తల్లి లేచి, కిచకిచమంటున్న పిల్లల మీంచి అడుగులేసుకుంటూ వెళ్ళి మేత తినసాగింది. పక్క గూడూ అంతే. ఆ పక్కదీ అంతే.

“దుఃఖం ఒక్కటే తీసేద్దామనుకున్నాం” అంది డాక్టరమ్మ. “అది ఒక్కటీ ఊడి రావట్లేదు.”

పైడిరాజు ఇంటికి వెళ్ళగానే మిగిలిన పొడి కాలవలో పారబోశాడు. ఆ పూట పాలల్లో ఏమీ కలపలేదు. కుసుమ గ్లాసు తీసుకుని ఎప్పటిలాగే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆషాఢం వచ్చిన ఆదివారం మార్కెట్టు నుంచి గోరింటాకు కొమ్మలు తెచ్చాడు. తనే ఆకు దూసి, చింతపండు వేసి మెత్తగా రుబ్బాడు. గిన్నెతో వచ్చి కూర్చున్న మొగుణ్ణి చూసి కుసుమ తెల్లబోయింది.

“నువ్వా? గోరింటాకా?”

“ఆషాఢం కదా. సెయ్యి ఇలగియ్యి.”

వేళ్ళకి టోపీల్లాగా ముద్దలు పెట్టాడు. గోరు ఒక్కటీ బయటికి కనపడకుండా పెట్టాడు. కుసుమ మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. కిందటేడు ఇదే రోజుల్లో ధాత్రి పచ్చి గోరింటాకు చేతులతో ఇల్లంతా పరుగెత్తి, లైటు స్విచ్చి కింద గోడకి అరచేయి ఆనించింది. చిన్న ఎర్రటి అరచేయి మరక ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత ఇంటికి సున్నం వేయించే ధైర్యం ఇద్దరికీ లేదు.

“గుంటకి ఇష్టం బావా ఇది” అంది కుసుమ. అని, రెండు చేతులూ అలా గాల్లో పెట్టుకునే ఏడ్చింది. తుడుచుకోవడానికి చేతుల్లేవు. పైడిరాజు తన తువ్వాలుతో ఆమె కళ్ళు తుడిచాడు. తుడుస్తుంటే అతనికి జాలి తెలిసింది గానీ, పిల్ల గుర్తుకు రాలేదు. ఏడుపు ఆగాక కుసుమ అతని మొహంలోకి చూసి, “నువ్వు గుర్తెట్టుకుని తెచ్చినావు. అది సాలు” అంది.

ఆ మాటకి అతని గుండెలో ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టయింది. ఆ మెసేజిలో రంగు సంగతి అతను ఆమెకు చదివి వినిపించలేదు.

శనివారం ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. దారిలో ఎదుటి సీట్లో ఎవరి పిల్లో కాళ్ళూపుకుంటూ జంతిక కొరుకుతోంది. ఆ చప్పుడుకి పైడిరాజుకి ఊపిరి ఒక్క క్షణం అడ్డం తిరిగింది. వేడి చేసిందేమో అనుకున్నాడు.

సెంటరంటే కిందో కళ్ళద్దాల షాపు, పైన రెండు గదులు. ఫర్జానా అనే అమ్మాయి మిషను దగ్గర కూర్చుంది. మిషను బియ్యం డబ్బాకంటే పెద్దదేం కాదు. ముందు వేలు పట్టేంత కన్నం ఉంది. కుసుమ చేతులు చూసి ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

“మీరూనా అక్కా! ఈ నెల మూడొంతుల మంది ఇలాగే వస్తున్నారు. రంగు లేకుండా రమ్మని మెసేజి పంపాం కదా?”

“అలగని రాసినారా?” అని కుసుమ మొగుడి వైపు చూసింది. పైడిరాజు గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

“అయితే రేపు నెల రమ్మంటారా?” అని అడిగాడు, ఆశ దాచుకోలేక.

“అక్కర్లేదండి. ఒకే ఇంటి నీళ్ళు తాగి, ఒకే ఇంటి తిండి తినే మనిషి మామూలు గోరు పక్కన పెడితే, మిషను రెండూ పోల్చి గోరింటాకు తీసేసి చదువుతుంది. మీరు వచ్చారుగా. మీదో వేలు పెట్టండి, సరిపోతుంది.”

తన వేలు పెట్టడానికి పైడిరాజుకి భయమేమీ లేదు. బీడీ కూడా కాల్చడు. భయమంతా కుసుమ వేలు లోపల ఉన్నంతసేపూ పడ్డాడు. ఇష్టదైవాలందరికీ దండాలు పెట్టుకున్నాడు. తర్వాత తన వేలు పెట్టాడు. మిషను కాసేపు తిరగలిలా గురగురలాడి ఊరుకుంది.

ఫర్జానా తెర మీదకి వంగింది.

“అక్కది శుభ్రంగా ఉంది. ఆర్నెల్లుగా ఒక్క గీత లేదు. టీ కాఫీలు తప్ప.”

పైడిరాజు సరిగా వినలేదనుకున్నాడు. “ఒక్కటీ లేదా?” అన్నాడు. “బాగా సూడండి.”

“బాగానే చూశానండి.” ఆ అమ్మాయి నవ్వు మాయమైంది. రెండో బొమ్మ వైపు చూస్తోంది. “మీరే... ఏం వాడుతున్నారు?”

“నేనా?”

“జనవరి ఆఖర్లో మొదలైంది. అక్కడినుంచి రోజూ ఉంది. ఈమధ్యే ఆగింది. ఇది ఏ మందో మా మిషనుకి తెలీడం లేదు. పరీక్ష అక్కది కాబట్టి మీది నేను పైకి పంపను, ఆవిడ ఉద్యోగానికేం అడ్డం లేదు. కానీ డాక్టరుకి చూపించుకోండి. ఇంత గట్టి మందు ఎవరిచ్చారు మీకు?”

పైడిరాజు తన గోరు వైపు చూసుకున్నాడు. ఎప్పటి గోరే. పైకేమీ కనపడటం లేదు.

కిందకి దిగారు. ఎదురుగా చెరకు రసం బండి దగ్గర బల్ల మీద కుసుమ కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు.

“సెప్పు” అంది.

చెప్పాడు. ఎలుకల దగ్గర మొదలెట్టి, ఆమె అన్న మాట, తెచ్చిన పొడి, పాల గ్లాసు, అనకాపల్లి ఫోను దాకా అంతా చెప్పాడు. రసం బండివాడు రెండు గ్లాసులు తెచ్చి పెట్టి వెళ్ళాడు. ఎవరూ ముట్టలేదు.

“పెళ్ళాం మొగుడికి మందెట్టిందంటే మా అమ్మమ్మ నోట విన్నాను” అంది కుసుమ. “మొగుడు పెళ్ళానికి మందెట్టడం ఇదే వినడం.”

“నువ్వు దూకీస్తావేమోనని...”

“దూకీలేదు కదా! అనిపించిందని నీతో సెప్పుకున్నాను. సెప్పుకుంటే తగ్గుతాదని సెప్పుకున్నాను. నువ్వేటి సేసినావు? నా కడుపుకోత నాక్కూడా తెల్దన్నట్టు తీసీద్దామనుకున్నావు. అది నాది బావా. గుంట నాకు వదిలీసి ఎల్లింది అదొక్కటే.”

కుసుమ చేతులు తిప్పి తన గోళ్ళు చూసుకుంది.

“గోరింటాకు కూడా ఇందుకేనా?” అని అడిగింది. ఆ అడగడంలో గొంతు చిన్నబోయింది. మందు సంగతి కంటే ఇదే ఎక్కువ తగిలిందని అతనికి అర్థమైంది.

“అందుకే” అన్నాడు. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేదు. ఆగి, “మరి నువ్వు తాగినావు కదా రోజూ? నా గోట్లోకెలా వచ్చింది?” అన్నాడు.

కుసుమ రసం గ్లాసు మీద వాలుతున్న ఈగల్ని చూసింది. ఉన్నట్టుండి తలెత్తింది.

“నేను తాగలేదు. ఆ పాలు గుంట కోసం ఏయించుకున్న పాలు బావా, నా గొంతు దిగుతాయా? వద్దంటే నువ్వు బాధపడతావని గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయీదాన్ని. పాలు పారబొయ్యకూడదు కదా. గిన్నెలో పోసీసి తోడెట్టీదాన్ని.”

“తోడెట్టి...”

“రెండు పూటలా ఎవులు తిన్నారు ఆ పెరుగు?”

పైడిరాజు మెల్లిగా బల్ల మీద కూలబడ్డాడు. ఇంట్లో పెరుగు తినేది తనొక్కడే. మీగడ తరకతో సహా గిన్నె నాకినట్టు తినేవాడు. కుసుమ బాగుపడుతోందని సంబరపడుతూ తిన్నాడు.

కుసుమకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే విరిగింది.

“జనవరి” అంది. “సంకురాత్రి వరకూ నాతోపాటు ఏడిసినావు. ఆ తర్వాత ఒక్క సుక్క లేదు. గుంట పుట్టినరోజునాడు కూడా పప్పులో ఉప్పు సాల్లేదన్నావు. నేనెంత తిట్టుకున్నానో తెలుసా నిన్ను? క్రేను మీద కూకుని ఒక్కదాన్నీ ఏడుసుకున్నాను. ఇలాంటి మనిషితో బతకలేను, అమ్మ దగ్గరికి పోదామని బట్టలు కూడా సర్దుకున్నాను రెండుసార్లు.”

“నేను గుండె దిటవు సేసుకున్నాననుకున్నాను” అన్నాడు పైడిరాజు.

“దిటవు కాదు, పెరుగు” అంది కుసుమ.

సోమవారం అతను వెళ్ళి డాక్టర్ హైమవతికి అంతా చెప్పేశాడు. ఆవిడ మొదట కోప్పడింది. తర్వాత కుర్చీలో కూర్చుని నుదురు పట్టుకుంది. మనుషుల మీద ఇంకా మొదలుపెట్టని మందుకి మొదటి మనిషి దొరికాడు, అదీ ఇలా. ఎలుకల గది తాళాలు తీసుకుని అతన్ని పని నుంచి తప్పించారు. వెళ్ళబోతుంటే ఆవిడ వెనక్కి పిలిచి చెప్పింది.

“పొడి ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది. పోయాక, ఇన్ని నెలలదీ ఒక్కసారే రావచ్చు. ఒంటరిగా ఉండకు.”

ఆవిడ ఆ మందు మీద మళ్ళీ కూర్చోలేదని తర్వాత విన్నాడు.

కుసుమ అతనితో ముభావంగానే ఉంది. వంట చేసేది, క్రేను ఎక్కేది, అడిగినదానికి జవాబు చెప్పేది. ఇంట్లో పెరుగు తోడుపెట్టడం మానేసింది. పాలు మాత్రం తెస్తూనే ఉన్నారు, టీకి. పైడిరాజు వేరే పని వెతుక్కుంటూ, తనకేదో రావాల్సి ఉందని తెలిసి దాని కోసం కాచుక్కూర్చున్నాడు. ఎంతకీ రాకపోయేసరికి, ఎలుకల్లో లాగే తన లోపల కూడా ఏదో పూర్తిగా ఊడిపోయిందేమోనని భయపడ్డాడు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

శ్రావణంలో ఒక పొద్దున మబ్బు పట్టి ఇల్లు చీకటిగా ఉంది. కుసుమ డ్యూటీ బట్టలు కట్టుకుని టిఫిను డబ్బా సర్దుకుంటోంది.

“బావా, లైటెయ్యి” అంది వంటింట్లోంచి.

స్విచ్చి మీదకి చెయ్యి పోనిచ్చాడు. లైటు వెలిగింది. స్విచ్చి కింద, అతని నడుముకి కాస్త కింద, ధాత్రి అరచేయి. ఇన్ని నెలలూ రోజూ చూసినదే. బొటనవేలు దగ్గర మరక కొంచెం జారింది. జారిందంటే, అక్కడ చెయ్యి ఆనించి పిల్ల నవ్వుతూ వెనక్కి తిరిగి చూసింది. ఎవరి వైపు చూసిందంటే, తన వైపే. “నాన్నా, పండిందా?” అని అడిగింది. ఇంకా పండలేదమ్మా, కడుక్కోకు అన్నాడు తను.

పైడిరాజు మోకాళ్ళ మీద కూలిపోయాడు. మొదట గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత వచ్చింది. వీధి చివరిదాకా వినపడేలా వచ్చింది.

వంటింట్లో డబ్బా మూత కింద పడ్డ చప్పుడైంది. కుసుమ పరుగెత్తుకొచ్చింది. గోడకి నుదురు ఆనించి ఏడుస్తున్న మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగింది. పక్కింటామె కంగారుగా వచ్చి, “ఊరుకో బాబూ, ఊరుకో” అనబోతే కుసుమ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ గోళ్ళ చివర గోరింటాకు ఇంకా సగం మిగిలే ఉంది.

పోర్టుకి ఫోను చేసి ఇవాళ రానని చెప్పింది. ఆ తర్వాత వచ్చి నేల మీద అతని పక్కన చతికిలబడి కూర్చుంది. ఊరుకో అనలేదు.